ఎలక్ట్రిక్ గిటారు రొద కాదు

సంగీతం తెలిసినవారిగా పేరున్న పెద్దలలో, ముఖ్యంగా కర్ణాటక సంగీత సభలకు అలవాటుపడిన శ్రోతలలో, ఒక అభిప్రాయం చర్చే అక్కరలేని సత్యంగా స్థిరపడిపోయింది. రాక్ సంగీతం వట్టి రొద అని, దానిని వాయించేవారు సాధన లేని ఆర్భాటకారులని, వారి గిటార్ల పేర్లు, తయారైన సంవత్సరాలు, తీగల మందం, యాంప్లిఫయర్ల రకాలు వల్లెవేసే అభిమానులు సంగీతాన్ని వదిలి సామాన్ల మోజులో పడ్డారని ఆ అభిప్రాయం సారాంశం. బెంగళూరు–గుంతకల్లు రైలు మార్గం మీద ఉన్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో ఈ మాట వినిపించే సందర్భాలు ఎక్కువ. ఎందుకంటే చదువుకో, ఉద్యోగానికో ఇక్కడి యువకులు వెళ్ళే బెంగళూరు నాలుగైదు దశాబ్దాలుగా దక్షిణాదిలో రాక్ శ్రోతలకు కేంద్రంగా ఉంది. 2002లో రోజర్ వాటర్స్, 2003లో రోలింగ్ స్టోన్స్, 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా వాయించింది ఆ నగరంలోనే. అక్కడ ఏర్పడిన అభిరుచితో ఇంటికి తిరిగి వచ్చిన యువకుడికి పెద్దల నుంచి ఎదురయ్యే మొదటి ప్రశ్న, ఇదేం సంగీతం అన్నదే.

ఈ తీర్పుకు ఆధారంగా ఉన్న ఊహలను ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే ఏదీ పరీక్షకు నిలవదు. వాటిని కూలదోసే సాక్ష్యం కోసం లండనుకో షికాగోకో వెళ్ళవలసిన పని కూడా లేదు. లేపాక్షి శిల్పాలలో, పెనుకొండను ఏలిన విజయనగర కాలపు సంగీతశాస్త్రంలో, ధర్మవరంలో పుట్టిన నాటకకర్త చరిత్రలో, ఈ సీమ జాతరలలో మోగే వాద్యాలలో ఆ సాక్ష్యం కావలసినంత ఉంది. వాద్యం నిర్మాణాన్ని శ్రద్ధగా గమనించడం సంగీత రసికతలో ఒక ప్రధాన భాగమని, ఆ శ్రద్ధ వీణ పట్ల చూపితే పాండిత్యంగానూ గిటారు పట్ల చూపితే వ్యామోహంగానూ లెక్కించడం అన్యాయమని ఈ వ్యాసం వాదిస్తుంది.

క్లాసిక్ రాక్ అన్న పేరు సుమారుగా 1960ల నడిమి నుంచి 1970ల చివరిదాకా బ్రిటన్, అమెరికా బృందాలు సృష్టించిన సంగీతానికి వాడుకలో ఉంది. లెడ్ జెప్పెలిన్, డీప్ పర్పుల్, పింక్ ఫ్లాయిడ్, ద హూ, క్వీన్ వంటి బృందాలు, జిమీ హెండ్రిక్స్, ఎరిక్ క్లాప్టన్ వంటి వాద్యకారులు ఈ పేరు కిందికి వస్తారు. దీనికి ఆయువుపట్టు ఎలక్ట్రిక్ గిటారు. ఈ వాద్యంలో ఉక్కు తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అది అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి తయారుచేసినది. మీటిన తీగ కంపించినప్పుడు ఆ అయస్కాంత క్షేత్రం కదిలి, రాగి చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది, దానిని యాంప్లిఫయరు పెంచి స్పీకరుకు అందిస్తుంది. కాబట్టి యాంప్లిఫయరును గిటారుకు బయట ఉన్న మైకులాగా భావించడం పొరపాటు. వీణకు కుండ ఎలాగో ఈ వాద్యానికి యాంప్లిఫయరు అలాగ, వాద్య శరీరంలోనే ఒక భాగం.

రొద అన్న ఆరోపణ అసలు ఎక్కడ పుట్టిందో ఇక్కడ తేలుతుంది. వాల్వులతో పనిచేసే యాంప్లిఫయరును దాని సామర్థ్యానికి మించి తోసినప్పుడు ధ్వని తరంగపు శిఖరాలు తెగిపోయి, మూలస్వరానికి తోడుగా మీటినప్పుడు లేని అనేక అనుస్వరాలు, అంటే మూలస్వరపు కంపన సంఖ్యకు రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా ఉండే ధ్వనులు, కొత్తగా చేరతాయి. దీనిని డిస్టార్షన్ అంటారు. రేడియో ఇంజనీర్లకు ఇది లోపమే, కానీ వాద్యకారులు దీనిని కోరి తెచ్చుకున్నారు. 1964లో కింక్స్ బృందపు డేవ్ డేవిస్ ఒక చిన్న యాంప్లిఫయరు స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసి ఆ గరగరను సాధించాడు. లండన్ శివారులో వాద్యాల దుకాణం నడుపుతున్న డ్రమ్ముల ఉపాధ్యాయుడు జిమ్ మార్షల్, యువ గిటారు వాద్యకారుల కోరిక మీద 1960ల తొలినాళ్ళలో తయారు చేయించిన యాంప్లిఫయర్లు ఆ ధ్వనికి మారుపేరయ్యాయి. తెగిన శిఖరాల వల్ల స్వరం మీటిన వెంటనే చల్లారిపోకుండా చాలాసేపు నిలుస్తుంది. మీటు వాద్యానికి సహజంగా లేని దీర్ఘత్వం, గొంతుకో వాయులీనానికో ఉండే సాగుదల, గిటారుకు ఈ విధంగా లభించింది. రొద అని కొట్టిపారేసేవారు ఈ ఒక్క సంగతిని గమనించినా తీర్పు చెప్పడానికి కొంత తటపటాయించేవారు.

శుద్ధమైన ధ్వనే సంగీతమనీ, గరగర కలిసిన ధ్వని అపభ్రంశమనీ భావించేవారు తమ సంప్రదాయంలో ప్రతి కచేరీకీ ఆధారమైన తంబురను మరచిపోతున్నారు. తంబుర గుర్రం పైభాగం వంపుగా ఉంటుంది, తీగకూ గుర్రానికీ మధ్య ఒక సన్నని నూలుపోగును చొప్పించి, దానిని వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ వాద్యకారుడు ఒక జుమ్మన్న నాదాన్ని రప్పిస్తాడు. జీవాళి అని పేరున్న ఆ నాదం కోసం గాయకులు కచేరీకి ముందు ఓపికగా వేచి ఉంటారు, అది కుదరని తంబురను జీవం లేనిదిగా పక్కన పెడతారు. విశాఖపట్నంలో బాల్యం గడిపిన చంద్రశేఖర వేంకటరామన్ 1921లో ప్రచురించిన పరిశోధనలో ఈ విషయాన్నే భౌతికశాస్త్ర దృష్టితో వివరించాడు. తీగను ఏ బిందువు వద్ద మీటితే, ఆ బిందువు నిశ్చలంగా ఉండే అనుస్వరాలు పుట్టకూడదన్నది అప్పటికి ప్రసిద్ధమైన నియమం. వీణ, తంబురలు తమ వంపు గుర్రం వల్ల ఆ నియమానికి లొంగక, పుట్టకూడని అనుస్వరాలను కూడా బలంగా పలికిస్తాయని రామన్ చూపించాడు. అంతకు ముందే 1920లో మృదంగపు కుడి మూత మీది నల్లని కరణి, తోలు ధ్వనిలో అనుస్వరాలను క్రమబద్ధం చేసే తీరును ఆయన వివరించాడు. అంటే భారతీయ వాద్యకారులు శతాబ్దాల తరబడి నూలుపోగుతో, గుర్రపు వంపుతో, కరణితో సాధించిన అనుస్వర సంపదనే వాల్వు యాంప్లిఫయరుతో ఇంగ్లండు యువకులు వేరే దారిలో వెతుక్కున్నారు. రెండు ధ్వనులూ ఒకటి కావు, కావలసిన అవసరమూ లేదు. అయితే ఒకదానిని నాదమనీ రెండవదానిని రొద అనీ విడదీయడానికి ధ్వనిశాస్త్రంలో ఆధారం దొరకదు.

శాస్త్రీయ వాద్యాల సంగతి అలా ఉండగా, అనంతపురం సీమకు ప్రత్యేకమైన ఉరుముల కళను శుద్ధధ్వని వాదం ఏం చేయదలచుకున్నదో దాని సమర్థకులే చెప్పాలి. గ్రామదేవతల జాతరలలో ఉరుముల కళాకారులు వాయించే ఉరుము రెండు ముఖాల వాద్యం. ఒక పక్క పుల్లతో కొడుతూ, రెండవ పక్క వంకర పుల్లను తోలు మీద రాపిడి చేయడం వల్ల అందులోంచి మూలుగు, గర్జన కలిసిన ఒక సాగే ధ్వని వస్తుంది. ఆ రాపిడి ధ్వనిని తీసివేస్తే ఉరుముకు ఉనికి లేదు. గరగర అపస్వరమైతే ఈ వాద్యాన్ని నెత్తిన పెట్టుకుని దేవతను కొలిచిన తరతరాల ప్రజలు సంగీత జ్ఞానం లేనివారని అనవలసి వస్తుంది, ఆ మాట అనడానికి సాహసించే పండితుడు ఉంటే అది రాక్ మీద విమర్శగా ఆగదు, తన నేల మీదనే చిన్నచూపు అవుతుంది.

వాద్యం కేవలం సాధనమనీ, రసికుడికి రాగం ముఖ్యమే గాని కొయ్య, తీగ, మెట్టు ముఖ్యం కావనీ చెప్పే మాట పైకి ఉదాత్తంగా వినిపిస్తుంది గాని, దక్షిణాది సంగీతశాస్త్రం ఆ దారిన నడవలేదు. విజయనగర సామ్రాజ్యాన్ని నడిపిన అళియ రామరాయల ప్రేరణతో రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో రాగాలను చెప్పడానికి ముందు ఒక ప్రకరణం మొత్తం వీణకే కేటాయించాడు. శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాజేంద్రమేళ వీణ అని మూడు శ్రుతి పద్ధతులను వేరుచేసి, ఏ తీగను ఏ స్వరానికి బిగించాలో, ఏ మెట్టు ఎక్కడ నిలపాలో వివరించాడు. ఒకే రాగానికి సరిపడేటట్లు మెట్లు అమర్చే ఏకరాగమేళ పద్ధతిని, రాగం మారినా మెట్లు కదపనవసరం లేని సర్వరాగమేళ పద్ధతిని విడివిడిగా చర్చించాడు. ఒక శ్రుతి పద్ధతికి చక్రవర్తి పేరు పెట్టిన కాలం అది. ఆ పేరు గల అచ్యుతదేవరాయల పాలనలోనే, పెనుకొండలో అధికారులుగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు హిందూపురానికి దగ్గరలో లేపాక్షి వీరభద్రాలయాన్ని నిర్మించారు. అక్కడి నాట్యమండపంలో స్తంభాల మీద రంభ నాట్యానికి బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, తుంబురుడు వీణ మీటుతాడు. నాట్యాన్ని చెక్కిన శిల్పి వాద్యకారులను వదిలిపెట్టలేదు, వారి చేతులలోని వాద్యాలనూ శ్రద్ధగా చెక్కాడు. మెట్ల అమరిక మీద ప్రకరణాలు రాసిన పండితుణ్ణి గౌరవించి, గిటారు మెట్ల గురించి మాట్లాడే ధర్మవరం యువకుణ్ణి వెక్కిరించే సంస్కారం ఆ వారసత్వానికి తగినది కాదు.

మెట్ల సంగతే ఇంకొంచెం లోతుగా చూడదగినది. వీణలో మెట్లను మైనం గట్ల మీద ఎత్తుగా నిలపడం వల్ల తీగకూ దండికీ మధ్య చాలినంత ఖాళీ ఉంటుంది, వైణికుడు తీగను పక్కకు లాగి ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాల దూరం గమకాన్ని పలికించగలుగుతాడు. గిటారులో మెట్లు కొయ్య పలక మీద చాలా తక్కువ ఎత్తులో ఉంటాయి. అయినా తీగను పక్కకు నెట్టి స్వరాన్ని పెంచే బెండింగ్ అనే ప్రక్రియ రాక్ వాద్యానికి ప్రాణం, దాని కోసమే 1960లలో వాద్యకారులు మందపు తీగలను వదిలి సన్నని తీగలకు మారారు. డీప్ పర్పుల్ గిటారు వాద్యకారుడు రిచీ బ్లాక్‌మోర్ ఇంకో అడుగు వేసి, మెట్ల మధ్య కొయ్యను గుంటలుగా తొలిచిన గిటారును వాడాడు. వేలికి కొయ్య తగలకుండా తీగ మాత్రమే అందే ఆ అమరిక వీణ మెట్ల తర్కానికి చాలా దగ్గరది. ఈ సామ్యం యాదృచ్ఛికమని కొట్టివేసేవారికి జాన్ మెక్‌లాఫ్లిన్ ఉదాహరణ చాలు. బ్రిటిష్ జాజ్, రాక్ వాద్యకారుడైన ఆయన అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విద్వాంసుడు ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చుకున్నాడు, ఆ తరువాత 1970లలో శక్తి బృందంలో ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో వాయించడానికి మెట్ల మధ్య తొలిచిన గుంటలు, అడ్డంగా శ్రుతి తీగలు గల గిటారును ప్రత్యేకంగా చేయించుకున్నాడు. వాద్యాన్ని మార్చకుండా ఆ సంగీతం సాధ్యం కాదని ఆయనకు తెలుసు.

అభిమానులు గిటార్ల పేర్లు చెప్పుకోవడంలోనూ ఇలాంటి తర్కమే ఉంది. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టరులో ఒక్కొక్క పికప్‌కు ఒక్కొక్క రాగి చుట్టే ఉంటుంది గనుక ధ్వని పలుచగా, స్ఫుటంగా, గాజు మీద మోగినట్లు ఉంటుంది. 1957 నుంచి గిబ్సన్ లెస్ పాల్ గిటార్లలో అమర్చిన హంబకర్ పికప్‌లో రెండు చుట్టలను ఎదురెదురు దిశలలో కలపడం వల్ల విద్యుత్ పరికరాల నుంచి వచ్చే గుయ్యిమనే శబ్దం రద్దయి, ధ్వని ముద్దగా, బరువుగా తయారవుతుంది. పింక్ ఫ్లాయిడ్ వాద్యకారుడు డేవిడ్ గిల్మర్ ఒక్కొక్క స్వరాన్ని విడిగా నిలిపి పలికించే శైలికి మొదటిది, లెడ్ జెప్పెలిన్ వాద్యకారుడు జిమీ పేజ్ దట్టమైన పునాది పలుకులకు రెండవది ఎందుకు కుదిరాయో వినగలిగిన శ్రోత, ఒక విద్వాంసుడి మృదంగం శ్రుతిని పసిగట్టిన శ్రోత కంటే తక్కువవాడు కాడు. ఇక సాధన లేని ఆర్భాటకారులన్న మాటకు క్వీన్ బృందపు బ్రయన్ మే చరిత్ర ఒక్కటే సరిపోయే సమాధానం. 1963లో, తగిన గిటారు కొనే స్తోమత లేని ఆ విద్యార్థి, తండ్రితో కలిసి పాత నిప్పుగూడు చట్రపు కొయ్యతో, ఇంట్లో దొరికిన సామగ్రితో తన గిటారును తానే చేసుకోవడం మొదలుపెట్టాడు. ఆ తరువాత దశాబ్దాల తరబడి ప్రధానంగా ఆ వాద్యాన్నే, మీటుపలకకు బదులు ఆరు పెన్నీల నాణెంతో మీటుతూ, వాయించాడు. బొబ్బిలి ప్రాంతంలో ఒకే పనసదుంగ నుంచి ఏకాండి వీణను తొలిచే శిల్పుల పనితనాన్ని మెచ్చే తెలుగు రసికుడికి ఈ శ్రమ అపరిచితంగా తోచకూడదు. కీబోర్డుల విషయానికి వస్తే, డీప్ పర్పుల్ వాద్యకారుడు జాన్ లార్డ్ చర్చి గీతాలకు అలవాటైన హామండ్ ఆర్గానును గిటారు కోసం చేసిన మార్షల్ యాంప్లిఫయరుకు కలిపి, ఆ ఆర్గాను అంతకు ముందు పలకని గర్జనను దాని చేత పలికించాడు. ఏ వాద్యం ఏ శబ్దానికి తగినదో ముందే నిర్ణయించిన పెద్దల మాట వినకపోవడం వల్లనే ఇది జరిగింది.

పరాయి వాద్యం అన్న అభ్యంతరం ఇక మిగిలింది. ధర్మవరం పేరు చెప్పిన తరువాత ఈ అభ్యంతరాన్ని వినడం కష్టం. 1853లో ఆ ఊరిలో జన్మించి, బళ్ళారిలో న్యాయవాదిగా స్థిరపడి, ఆంధ్రనాటక పితామహుడిగా ప్రసిద్ధుడైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, విషాదాంతాన్ని నిషేధించిన సంస్కృత నాటక మర్యాదను కాదని పాశ్చాత్య పద్ధతిలో విషాదసారంగధరను రాశాడు, తెలుగు నాటకంలోకి పాటను తెచ్చాడు. ఆయన వేసిన బాటలో పెరిగిన తెలుగు పద్యనాటకానికి హార్మోనియం విడదీయరాని తోడైంది. ఆ హార్మోనియం 1840లలో పారిస్‌లో రూపుదిద్దుకున్న వాద్యం. దానిని పరాయిదని, గమకం పలకదని ఆక్షేపించి ఆకాశవాణి 1940లో నిషేధించింది, ఆ నిషేధం మూడు దశాబ్దాలు కొనసాగింది. ఆ కాలంలో కూడా రాయలసీమ రంగస్థలం మీద పద్యం దాని శ్రుతి మీదనే నడిచింది, నటుడు రాగం తీసి పద్యాన్ని సాగదీసిన ప్రతిసారీ హార్మోనిస్టు వెంట నడిచాడు, ప్రేక్షకుడు వన్స్‌మోర్ అన్నాడు. నిషేధానికి చూపిన కారణంలో కొంత నిజం ఉందన్నది ఒప్పుకోవలసినదే, ఎందుకంటే హార్మోనియం మెట్టు నొక్కితే వచ్చే స్వరం కదలదు, దానిని లాగడానికి వీలు లేదు. అయితే ఆ సాంకేతికమైన ఆక్షేపణ ఎలక్ట్రిక్ గిటారుకు వర్తించనే వర్తించదు. లాగితే కదిలే తీగ, ఎంతసేపైనా నిలిచే నాదం రెండూ దానికి ఉన్నాయి.

ఎలక్ట్రిక్ తీగ వాద్యం గమకాన్ని పలికించగలదని ప్రపంచానికి నిరూపించినవాడు ఒక తెలుగువాడు కావడం ఈ వాదంలో అన్నిటికంటే బలమైన అంశం. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, బాల్యంలో తండ్రి మాండొలిన్‌ను చేతబట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు, ఆయన పాడి వినిపిస్తే ఈ బాలుడు దానిని తీగల మీదికి తెచ్చుకున్నాడు. మాండొలిన్ ఇటలీ నుంచి వచ్చిన వాద్యం, జంట తీగల వల్ల దాని మీద గమకం పలకదు, మీటిన స్వరం క్షణంలో చల్లారిపోతుంది. శ్రీనివాస్ జంట తీగలను వదిలి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను స్వీకరించాడు. ఒంటి తీగ లాగడానికి వీలిచ్చింది, పికప్ నాదాన్ని నిలిపింది, దానితో కర్ణాటక సంగీతంలోని ఆలాపన ఆ చిన్న వాద్యం మీద సాధ్యమైంది. సభలలో మొదట ఎదురైన సందేహాలను ఆయన వేళ్ళు చెరిపివేశాయి. 1998లో పద్మశ్రీ వచ్చింది, మెక్‌లాఫ్లిన్ నడిపిన రిమెంబర్ శక్తి బృందంలో ఆయన సమాన విద్వాంసుడిగా వాయించాడు, 2014లో అకాలంగా మరణించాడు. పికప్, యాంప్లిఫయరు కలిగిన ఆ వాద్యం మీద త్యాగరాజ కృతి విని కన్నీరు పెట్టుకున్న శ్రోత, అదే పికప్, అదే యాంప్లిఫయరు మీద గిల్మర్ వాయించినప్పుడు విద్యుత్తు వల్ల సంగీతం కృత్రిమమైపోతుందని చెప్పడానికి అర్హత పోగొట్టుకున్నాడు. వాయులీనం విషయంలోనూ ఇదే జరిగింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన నాటికి అది ఐరోపా వాద్యమే. వాయులీన విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడు కాలానికి దానిని పరాయిదనే మాట హాస్యాస్పదమైంది.

క్లాసిక్ రాక్ అభిమానులు కూడా ఒక విషయంలో నిజాయితీగా ఉండవలసి ఉంది. ఈ సంగీతాన్ని పాశ్చాత్య సంగీతమని ఒక్క మాటలో చెప్పడం వల్ల దాని అసలు కర్తలు మరుగున పడుతున్నారు. దీని పునాది అయిన బ్లూస్, అమెరికాలో బానిసత్వాన్ని అనుభవించిన ఆఫ్రికన్ల సంతతి పాడుకున్న పాట. మిసిసిపీ పొలాలలో పనిచేసిన మడ్డీ వాటర్స్ 1943లో షికాగోకు వెళ్ళి, నగరపు హోరులో వినిపించడానికి ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. ఆయన పాట ఒకదాని నుంచే రోలింగ్ స్టోన్స్ తమ పేరు పెట్టుకున్నారు. బ్రిటిష్ బృందాలు ఆ సంపదను వాడుకుని మూలకర్తల పేర్లు చెప్పకపోయిన సందర్భాలు ఉన్నాయి. తన రచనను వాడుకున్నారని బ్లూస్ పాటల రచయిత విల్లీ డిక్సన్ 1985లో లెడ్ జెప్పెలిన్ మీద దావా వేశాడు, అది రాజీతో ముగిసింది. ఈ చరిత్ర తెలిసిన అభిమాని ఆ సంగీతాన్ని గుడ్డిగా కొలవడు, కానీ సాధన, పరంపర లేని సంగీతమని దానిని ఎవరైనా అంటే మాత్రం మౌనంగా ఉండడు. విని నేర్చుకోవడం, ఒకరి పలుకును మరొకరు పట్టి పెంచడం, గురువు పేరు చెప్పుకోవడం ఆ సంప్రదాయంలో తరాల నుంచి ఉన్నాయి.

విమర్శకుల మాటలలో రెండింటికి విలువ ఉంది. వాద్యాల మోజు కొందరిలో ధరల మోజుగా మారింది. 2019లో గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టరు న్యూయార్క్ వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లు పలికిన తరువాత, ఆ గిటారును వినడం కంటే దాని ధర చెప్పుకోవడంలో ఆనందం పొందేవారు పెరిగారు. వాతావరణ పరిరక్షణకు ఆ సొమ్మును గిల్మర్ ఇచ్చివేశాడన్న సంగతి ఆ లెక్కలలో ఎవరికీ పట్టదు. ధర తెలిసి ధ్వని తెలియనివాడు రసికుడు కాడు, అతని తరఫున ఈ వ్యాసం వాదించడం లేదు. రెండవది శబ్ద తీవ్రత. ద హూ బృందపు పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి దెబ్బతిన్నదని బహిరంగంగా చెప్పాడు, రాక్ శ్రోతల చెవుల రక్షణకు 1988లో ఏర్పడిన సంస్థకు తోడ్పడ్డాడు. ఆ ప్రమాదం నిజమైనది, దానిని తక్కువ చేసి చెప్పడం అభిమానులకు తగదు. అయితే హిందూపురంలో పెళ్ళి ఊరేగింపులో, ధర్మవరంలో ఉత్సవం రోజున స్పీకర్ల నుంచి భజన వచ్చినా, సినిమా పాట వచ్చినా, నాదస్వరం వచ్చినా అంతే తీవ్రతతో వస్తుంది. తీవ్రతే నేరమైతే నిందితుల జాబితాలో గిటారు ఒక్కటే ఉండదు. సన్నగా పెట్టుకుని, చెవులకు హాయిగా, ఒక నిశ్శబ్దమైన గదిలో గిల్మర్ స్వరం ఒకటి విన్నప్పుడు అది ఎక్కడ మొదలై, ఎక్కడ కంపించి, ఎలా ముగిసిందో గమనించిన శ్రోతకు, దానిని రొద అనాలా వద్దా అన్నది తన చెవితోనే తేల్చుకునే అవకాశం ఉంటుంది. ఆ అవకాశాన్ని వినకముందే తోసిపుచ్చడం ఒక్కటే ఇంతకాలం ఈ తీర్పుకు బలంగా నిలిచింది.